యూట్యూబ్ లెక్కలో మీ ఇంట్లో పిల్లలే లేరు

పెప్పా పిగ్ పళ్ళ డాక్టరు దగ్గరికి వెళ్ళింది. అదే గులాబీరంగు పందిపిల్ల, అదే ఎర్ర గౌను, వెనకాల అలాంటి సంగీతమే. మాటలు పూర్తిగా రాని పిల్లలు కూడా ఇట్టే గుర్తుపట్టే ముఖం. అసలు కార్టూన్లో పళ్ళ డాక్టరు ఓ ఏనుగు, పరమ సాధువు. ఇక్కడ మాత్రం డాక్టరు చేతిలో పెద్ద సూది ఉంది. పెప్పా గుక్కపట్టి ఏడుస్తుంటే పళ్ళు పీకేస్తున్నాడు. 2017 మార్చిలో ఓ అమెరికన్ జర్నలిస్టు తన చిన్నారి కూతురు ఇలాంటిది చూస్తుండగా పట్టుకుని, యూట్యూబులో నకిలీ పెప్పాల బెడద గురించి రాసింది. అదే నెలలో బీబీసీ కూడా ఈ సంగతి బయటపెట్టింది.

తవ్వుతున్నకొద్దీ ఇంకా బయటపడ్డాయి. ‘ఫ్రోజెన్’ సినిమాలోని ఎల్సా, స్పైడర్‌మ్యాన్, మిక్కీ మౌస్, ఇలా పిల్లలు ప్రాణంపెట్టే బొమ్మలన్నీ రక్తాలు కార్చుకుంటూ, సూదులు పొడిపించుకుంటూ, సమాధుల్లోంచి లేస్తూ కనిపించాయి. పైన బొమ్మ చూస్తే రంగులపండగ. లోపల నరకం. ఎల్సా పేరు మీదే ఈ గొడవకు ‘ఎల్సాగేట్’ అని పేరు పడింది. ఆ ఏడాది నవంబరులో న్యూయార్క్ టైమ్స్ రాసిన కథనం, బ్రిటన్‌కు చెందిన రచయిత జేమ్స్ బ్రిడిల్ రాసిన పెద్ద వ్యాసం ప్రపంచమంతా తిరిగాయి. పిల్లల కోసమే ప్రత్యేకంగా పెట్టిన యూట్యూబ్ కిడ్స్ యాప్‌లోకి కూడా ఇవి చొరబడ్డాయని తేలాక ఇక కంపెనీకి కదలక తప్పలేదు. కుటుంబమంతా చూడదగ్గవిగా వేషం వేసుకున్న దాదాపు 20 లక్షల వీడియోలకు, 50 వేలకు పైగా ఛానెళ్ళకు ప్రకటనలు ఆపేశామని ప్రకటించింది. అభ్యంతరకరమైన వీడియోల ఏరివేతకు 2018లో గూగుల్ మొత్తమ్మీద పదివేల మందికి పైగా సిబ్బందిని పెడతామని అప్పటి యూట్యూబ్ సీఈఓ సూసన్ వొజిస్కీ చెప్పారు.

ఇలాంటివి ఎవరు తీస్తారు, ఎందుకు తీస్తారు? పిల్లల్ని చెడగొట్టే రహస్య ముఠా ఏదో ఉందని అప్పట్లో చాలామంది నమ్మారు. బ్రిడిల్ చెప్పింది అంతకంటే చప్పగా ఉంటుంది, అంతకంటే భయంకరంగానూ ఉంటుంది. ముఠా అక్కర్లేదు. వీడియో ఎంతమంది చూస్తే అంత డబ్బు. ఏ బొమ్మ పేరు, ఏ పాట పేరు, ఏ రంగుల పేరు శీర్షికలో గుచ్చితే ఎక్కువమంది నొక్కుతారో చూసుకుని, వాటిని కలగాపులగం చేసి, చవకలో బొమ్మలు గీసి వదిలేయడమే. దానిమీద మళ్ళీ అనుకరణలు, వాటిమీద వెటకారాలు, ఆ వెటకారాలకు నకళ్ళు. ఒకదశలో ఏది మనిషి చేసిందో, ఏది యంత్రం అల్లిందో, ఏది హాస్యమో, ఏది దుర్మార్గమో చెప్పలేని స్థితి. అప్పటికి ఏఐ ఇంకా ఈ రంగంలోకి దిగలేదని గుర్తుంచుకోవాలి.

ఆ గొడవ ముగిసిపోయిందనే చాలామంది అనుకుంటున్నారు. ముగియలేదు. మన ఇళ్ళలో అయితే అది వేరే దారిన నడుస్తోంది.

నాన్న ఖాతాలో బుజ్జిగాడు

యూట్యూబులో సొంతంగా ఖాతా తెరవాలంటే మామూలుగా 13 ఏళ్ళు నిండాలి. అంతకంటే చిన్నవాళ్ళ కోసం యూట్యూబ్ కిడ్స్ 2015లో అమెరికాలో, 2016లో మన దేశంలో వచ్చింది. పిల్లల సమాచారం పోగేసి ప్రకటనలు చూపిస్తోందన్న ఆరోపణ మీద 2019 సెప్టెంబరులో అమెరికా ప్రభుత్వ సంస్థ ఎఫ్‌టీసీ, న్యూయార్క్ రాష్ట్రం కలిసి గూగుల్ చేత 17 కోట్ల డాలర్లు కట్టించాయి. ఆ దెబ్బకి 2020 జనవరి నుంచి, వీడియో పెట్టినవాళ్ళు అది పిల్లల కోసమా కాదా అని చెప్పి తీరాలన్న నియమం వచ్చింది. పిల్లల కోసం అని చెప్పిన వీడియోల కింద వ్యాఖ్యలుండవు, చూసేవాళ్ళ అలవాట్లను బట్టి వేసే ప్రకటనలుండవు. 2021లో పెద్దల పర్యవేక్షణలో నడిచే పిల్లల ఖాతాలు వచ్చాయి. కాగితం మీద చూస్తే గోడలు బాగానే కట్టారు.

అయితే ఆ గోడల్లో ఎక్కువభాగం ఒకే పునాది మీద నిలబడ్డాయి: ఖాతా ఎవరిది, వాళ్ళ వయసెంత.

ఇప్పుడు మనింటికి రండి. పొద్దున్నే అన్నప్రాసన అయిన పిల్లాడికి సాయంత్రం ఫోన్ చూపించి ముద్ద పెట్టే రోజులివి. ఆ ఫోను నాన్నది. అందులో ఖాతా నాన్నది. నాన్న వయసు 36. రాత్రి పదిన్నరకి ఆయన నేరవార్తలు, సీసీటీవీలో చిక్కిన ప్రమాదాలు, కొత్త హారర్ సినిమా ట్రైలర్లు, నిజంగా జరిగిన హత్యల కథలు చూసి పడుకుంటాడు. పొద్దున అదే ఫోన్లో పిల్లాడు చిట్టి చిలకమ్మ చూస్తాడు. యూట్యూబ్ దృష్టిలో వాళ్ళిద్దరూ ఒకే మనిషి. ఆ మనిషికి చిలకమ్మా ఇష్టమే, శవమూ ఇష్టమే. అందుకని రెండూ పక్కపక్కనే పేర్చి పెడుతుంది. దానికి పిల్లాడు కనిపించడం లేదు, కనిపించే అవకాశం మనం ఇవ్వలేదు.

హాల్లోని స్మార్ట్ టీవీ సంగతి ఇంకా అన్యాయం. ఇంటిల్లిపాదికీ అదొక్కటే ఖాతా. తాతగారి ప్రవచనాలు, అమ్మ సీరియల్ ఎపిసోడ్లు, అన్నయ్య గేమింగ్ వీడియోలు, చెల్లి రైమ్స్ అన్నీ ఒకే చిట్టాలో కలుస్తాయి. ఆటోప్లే ఆన్‌లో ఉంటే, ఒకటి అయిపోగానే రెండోది దానంతటదే మొదలవుతుంది. వంటింట్లో ఉన్న తల్లికి రైమ్ వినిపిస్తున్నంతసేపు ధైర్యంగానే ఉంటుంది. రైమ్ ఎప్పుడు ఆగిందో, దాని స్థానంలో ఏది వచ్చిందో ఆమెకు తెలిసేది పిల్ల కేక విన్నాకే. ఒక్కోసారి పిల్ల కేక కూడా వేయదు. కళ్ళు పెద్దవి చేసుకుని అలాగే చూస్తూ ఉండిపోతుంది. నన్నడిగితే, కేక వేసిన పిల్ల కంటే ఈ పిల్ల గురించే ఎక్కువ ఆలోచించాలి.

దీనికి తోడు షార్ట్స్. టిక్‌టాక్‌ను 2020 జూన్ నెలాఖరున మన దేశంలో నిషేధించారు. ఆ సెప్టెంబరులోనే యూట్యూబ్ తన షార్ట్స్‌ను ముందుగా మన దేశంలోనే ప్రయోగాత్మకంగా మొదలుపెట్టింది. పెద్ద వీడియోకైతే పైన బొమ్మ, శీర్షిక ఉంటాయి. నొక్కాలా వద్దా అని ఒక్క క్షణమైనా ఉంటుంది. షార్ట్స్‌లో ఆ క్షణం లేదు. వేలు పైకి తోస్తే చాలు, వచ్చింది వచ్చినట్టు మీదపడుతుంది. చదవడం రాని నాలుగేళ్ళ పిల్లకు వేలు తోయడం మాత్రం ఎవరూ నేర్పక్కర్లేదు.

అమెరికాలో ఉంటున్న మనవాళ్ళ ఇళ్ళలోనూ ఇంచుమించు ఇదే కథ. పిల్లకి నాలుగు తెలుగు ముక్కలు రావాలని టీవీలో తెలుగు పాటలు పెడతారు. అమ్మమ్మ కోసం తెలుగు వార్తలూ ఆ టీవీలోనే, ఆ ఖాతాలోనే.

హగ్గీ వగ్గీ నుంచి దెయ్యం కోడలు దాకా

ఇప్పటి పిల్లల్ని అడిగి చూడండి, ఎల్సాగేట్ ఎవరికీ తెలియదు. వాళ్ళ జాబితా వేరు.

గ్రానీ ఉంటుంది. కర్ర పట్టుకుని ఇల్లంతా వెతికే ముసలమ్మ. ఆమెకు దొరక్కుండా ఇంట్లోంచి తప్పించుకోవడమే ఆట. 2017లో వచ్చిన ఆ గేమ్ ఆడని పిల్లలు కూడా, ఎవరో ఆడుతుంటే తీసిన వీడియోలు చూసే ఉంటారు. హగ్గీ వగ్గీ ఉంటుంది. నీలంరంగు బొచ్చు, పొడుగాటి చేతులు, నోరు తెరిస్తే వరసలు వరసలుగా పళ్ళు. 2021 అక్టోబరులో వచ్చిన ‘పాపీ ప్లేటైమ్’ అనే హారర్ గేమ్‌లోని విలన్ అది. ఆ గేమ్ పసిపిల్లల కోసం చేసింది కాదు. కానీ కొన్నాళ్ళకే అదే విలన్ మెత్తటి దూదిబొమ్మై దుకాణాల్లో వేలాడింది. చంకలో పెట్టుకుని తిరిగిన బొమ్మ అసలు ఎక్కడిదో తెలుసుకుందామని పిల్ల యూట్యూబులో మైకు నొక్కి పేరు చెబితే, ఏమొస్తుందో ఊహించడం కష్టం కాదు.

2025 మొదట్లో వచ్చిన ‘ఇటాలియన్ బ్రెయిన్‌రాట్’ బొమ్మలు మన బడుల దాకా వచ్చేశాయి. బూట్లు తొడుక్కున్న షార్క్, బ్యాట్ పట్టుకున్న కొయ్యదుంగ, ఏఐ గీసిన వింత రూపాలు. ఆ దుంగ పేరు తుంగ్ తుంగ్ తుంగ్ సహూర్. ఇండొనేసియాలో పుట్టింది. రంజాన్ మాసంలో తెల్లవారుజామున సహరీ భోజనానికి మూడుసార్లు పిలిచినా లేవకపోతే ఇంటికి వచ్చేస్తుందట. పెద్దలకు ఇదంతా పిచ్చి నవ్వులాట. ఎనిమిదేళ్ళ పిల్లలకీ నవ్వులాటే. నాలుగేళ్ళవాడికి మాత్రం చివరి మాట ఒక్కటే గుర్తుంటుంది: ఇంటికి వచ్చేస్తుంది.

ఇంకోపక్క ఏఐతో అల్లిన పిల్లి కథలు. తల్లి పిల్లి, కూన పిల్లి, ముద్దుగా ఉంటాయి. నలభై సెకన్లలో తల్లి చచ్చిపోతుంది, లేదా కూనని ఎవరో కొడతారు. మాటలే ఉండవు కాబట్టి ఏ దేశం పిల్లలకైనా అర్థమవుతాయి. ఎల్సాగేట్ నాడు ఎవరో ఒకరు కూర్చుని బొమ్మ గీయాల్సి వచ్చేది. ఇప్పుడు ఆ శ్రమ కూడా లేదు.

మన తెలుగు సరుకు తక్కువేం కాదు. నీతికథల పేరుతో నడిచే బొమ్మల ఛానెళ్ళలో అత్తాకోడళ్ళ కథలు, పేదరైతు కథలు, వాటి నడుమ దెయ్యం కోడలు, శ్మశానంలో పుట్టిన బిడ్డ, రాత్రిపూట లిఫ్టు అడిగే ఆడమనిషి తరహా కథలు యథేచ్ఛగా తిరుగుతాయి. గీత ఒకటే, గొంతులు ఒకటే, రంగులు ఒకటే. అందుకే పిల్లకు తేడా తెలియదు, పక్కగదిలోని తల్లికీ తెలియదు. చివర్లో ఓ నీతివాక్యం తగిలిస్తే అది నీతికథ అయిపోతుంది. ఇంగ్లీషులో పట్టినంత చురుగ్గా తెలుగు మాటల్లోని బెదిరింపును, వంకర అర్థాన్ని యూట్యూబ్ జల్లెడలు పట్టగలవని నమ్మే ధైర్యం నాకైతే లేదు.

గోడల మీద రాత నుంచి వాట్సాప్ దాకా

ఈ విషయం మాట్లాడేటప్పుడు ఒక జాగ్రత్త అవసరం. ఇంటర్నెట్టు గురించి పెద్దలు చెప్పుకునే దెయ్యం కథలు వేరే ఉన్నాయి. వాటితో పిల్లలకు నష్టమే గానీ మేలు లేదు.

‘ఓ స్త్రీ రేపు రా’ అని తలుపుల మీద, గోడల మీద రాసుకున్న రోజులు నడివయసు పాఠకులకు గుర్తుండే ఉంటాయి. రాత్రిపూట దెయ్యం వచ్చి తలుపు తడుతుందని, ఆ రాత చూసి వెనక్కి పోతుందని నమ్మకం. ఆ వదంతి ఊరూరా కాళ్ళతో నడిచింది. 2018-19లో మోమో అదే పని వాట్సాప్ మీద చేసింది. పొడుచుకొచ్చిన గుడ్లు, చెవుల దాకా సాగిన నోరు, కోడికాళ్ళు. ఈ మొహం పిల్లలకు ఫోన్లో కనిపించి ప్రాణం తీసుకోమని చెబుతోందని ప్రచారం. 2018లో మన కేంద్ర ఐటీ శాఖ కూడా తల్లిదండ్రులకు హెచ్చరిక జారీచేసింది. 2019 ఫిబ్రవరిలో బ్రిటన్ బడులు హడలిపోయాయి.

నిజానికి ఆ బొమ్మ జపాన్ శిల్పి కెయిసుకె ఐసో చేసింది. 2016లో టోక్యోలో ఓ గ్యాలరీలో ప్రదర్శించారు. రబ్బరుతో చేసినది కావడంతో కుళ్ళిపోయి, 2018లోనే చెత్తలో కలిసింది. మోమో వల్ల పిల్లలు తమకు తాము హాని చేసుకున్నట్టు ఆధారాలు లేవని బ్రిటన్‌లోని స్వచ్ఛంద సంస్థలు తేల్చాయి. మోమో మొహం ఎక్కువమంది పిల్లలకు చేరింది ఏ సవాలు ద్వారానో కాదు, ‘మీ పిల్లల్ని కాపాడుకోండి’ అంటూ పెద్దలు పంచుకున్న ఫొటోల ద్వారా, టీవీ వార్తల ద్వారా. పిల్లల ప్రాణాలు తీస్తోందంటూ 2017లో మన దేశాన్ని ఊపేసిన బ్లూవేల్ ఆట కూడా ఇంతే. ఒక్క మరణానికీ ఆ ఆటతో సంబంధం ఉన్నట్టు రుజువు కాలేదని విచారణ కమిటీ చెప్పినట్టు 2018 జనవరిలో ప్రభుత్వం పార్లమెంటుకు తెలిపింది.

గ్రూపులో ఇలాంటిది వస్తే ముందు ఆ బొమ్మ పంపడం మానండి. అసలు ప్రమాదం పేరూ ఊరూ ఉన్న రాక్షసి రూపంలో రాదు. ఎవరికీ వార్త అనిపించని మామూలు వీడియో రూపంలో, మామూలు మధ్యాహ్నం వేళ వస్తుంది.

‘అదంతా ఉత్తిదే’ అంటే సరిపోదు

భయపెట్టే బొమ్మలు పిల్లల మీద ఎలా పనిచేస్తాయన్నది అమెరికాలోని విస్కాన్సిన్ విశ్వవిద్యాలయంలో జొవాన్ కాంటర్ దశాబ్దాల పాటు పరిశీలించారు. ఆమె, సింథియా హాఫ్నర్ కలిసి 1985లో ప్రచురించిన ఒక ప్రయోగం మన పేదరాశి పెద్దమ్మను గుర్తుకుతెస్తుంది. ఒకే కథను నాలుగు రకాలుగా తీశారు. ఒకదాంట్లో ముసలావిడ చూడ్డానికి చల్లగా ఉంటుంది, మంచిగా ప్రవర్తిస్తుంది. ఇంకోదాంట్లో చూడ్డానికి చల్లగానే ఉంటుంది, క్రూరంగా ప్రవర్తిస్తుంది. మిగతా రెండింట్లో మంత్రగత్తెలా వికారంగా ఉంటుంది; ఒకసారి మంచిది, ఒకసారి చెడ్డది. మూడు నుంచి అయిదేళ్ళ పిల్లలు ఆవిడ రూపాన్ని బట్టే తీర్పు చెప్పారు. తొమ్మిది పదేళ్ళవాళ్ళు రూపం కంటే ఆవిడ చేసిన పనికి ఎక్కువ విలువిచ్చారు.

అంటే ఏమిటి? మూడేళ్ళ పిల్లకు భయం కళ్ళలోంచి వెళుతుంది. మంచివాడైన సూపర్‌హీరో హల్క్ అయినా సరే, మనిషి ఆకుపచ్చ రాక్షసుడిగా మారిపోవడమే భయం. హగ్గీ వగ్గీ ఏమీ చేయక్కర్లేదు, నోరు తెరిస్తే చాలు. ఎనిమిది దాటాక సంగతి మారుతుంది. నిజంగా జరగగలిగేవాటికి భయపడతారు: దొంగలు, కిడ్నాపులు, మంటలు, అమ్మానాన్నలకు ఏదైనా అవడం. అందుకే మూడేళ్ళవాడు పట్టించుకోని వార్తాఛానెల్, పదేళ్ళ అక్కకి నిద్ర లేకుండా చేస్తుంది. స్కూలు బస్సు ప్రమాదాన్ని ఎర్రటి గుండ్రం చుట్టి పదిసార్లు తిప్పి చూపించే వార్తను మనం ‘పిల్లలకు భయంకరమైనవి’ జాబితాలో ఎప్పుడూ రాయం. రాయాలి.

భయం ఎన్నాళ్ళు ఉంటుంది? కాంటర్, క్రిస్టెన్ హారిసన్ 1999లో కాలేజీ విద్యార్థుల్ని అడిగారు. చిన్నప్పుడు సినిమాలోనో టీవీలోనో చూసి విపరీతంగా భయపడ్డ అనుభవం తొంభై శాతం మందికి ఉంది. వాళ్ళలో దాదాపు నాలుగోవంతు మందికి ఆ భయం తాలూకు మిగులు ఇంకా పోలేదు. మన దగ్గర ఎవరూ లెక్కలు తీసినట్టు లేదు గానీ, 2009లో ‘అరుంధతి’ సినిమాని చిన్నతనంలో చూసిన ఇప్పటి పాతికేళ్ళవాళ్ళను అడగండి. అందులోని విలన్ పశుపతి గొంతు వినపడితే ఇప్పటికీ లైటు వేస్తామని నవ్వుతూనే ఒప్పుకునేవాళ్ళు తగులుతారు.

అయితే పశుపతిని వాళ్ళు ఒంటరిగా చూడలేదు. హాల్లో అమ్మానాన్నల మధ్య కూర్చుని చూశారు. నాన్నమ్మ చెప్పిన బ్రహ్మరాక్షసుడి కథ ఆవిడ ఒళ్ళో పడుకుని విన్నారు. కథ ఎక్కడ ఆపాలో, పిల్ల మొహం చూసి ఎక్కడ రాక్షసుణ్ణి తొందరగా చంపేయాలో నాన్నమ్మకు తెలుసు. భయం పిల్లలకు ఎన్నడూ కొత్తకాదు. తోడు లేని భయం కొత్త. చెవుల్లో ఇయర్‌ఫోన్స్, చేతిలో ఆరంగుళాల తెర, పక్కన ఎవరూ లేరు, కథకు ముగింపు లేదు.

పిల్ల భయపడి వస్తే మనం మొదట అనే మాట ‘అదంతా ఉత్తిదే, గ్రాఫిక్స్’. తొమ్మిదేళ్ళ పిల్లకు ఇది పనికొస్తుంది. అయిదేళ్ళ లోపు వాళ్ళకు పెద్దగా పనిచేయదని కాంటర్ పరిశోధనలు చెబుతాయి. ‘నిజం కాదు’ అన్న మాటని నోటితో ఒప్పుకున్నా మనసు ఒప్పుకోదు. ఆ వయసుకి కావలసింది తర్కం కాదు, ఒళ్ళు. దగ్గరికి తీసుకోవడం, మంచినీళ్ళో పాలో ఇవ్వడం, లైటు వేసి మంచం కింద కలిసి చూడడం, ఆ రాత్రి పక్కన పడుకోబెట్టుకోవడం. ఇలా చూస్తే దిష్టి తీసి, విభూతి పెట్టి, ఆంజనేయస్వామి పటం తలవైపు పెట్టిన అమ్మమ్మ అంత తెలివితక్కువ పనేం చేయలేదు. ‘ఆ దెయ్యం ఇంక రాదులే’ అని దెయ్యాన్ని ఖాయం చేయనంతవరకూ ఆవిడతో నాకే పేచీ లేదు.

కాస్త పెద్ద పిల్లలకు తెర వెనక సంగతి చూపించండి. హల్క్ వేషం వేసే నటుడికి రంగు పూసే వీడియోను ముందుగా చూపిస్తే పిల్లల భయం తగ్గుతుందని కూడా ఆ పరిశోధకులే గమనించారు. మేకప్ ఎలా వేస్తారో, ఏఐ బొమ్మ ఎలా తయారవుతుందో కూర్చోబెట్టి చూపించడం మంచి ఆట కూడా.

ఒక్కటి మాత్రం చేయకండి. ‘ఎందుకు చూశావ్? ఫోన్ ముట్టుకోవద్దని చెప్పానా’ అని అరవకండి. అరిస్తే పిల్ల చూడడం మానదు, చెప్పడం మానేస్తుంది. వారాలు గడిచినా ఒంటరిగా బాత్రూముకు వెళ్ళకపోవడం, పక్క తడపడం, తిండి తగ్గిపోవడం, బడికి వెళ్ళనని మొండికేయడం కనిపిస్తే పిల్లల డాక్టరుకు చూపించాలి. టెలీమానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, డబ్బేమీ కట్టక్కర్లేదు. ఎవరైనా పిల్లల్ని బెదిరించి ఏదైనా చేయిస్తున్నారన్న అనుమానం ఉంటే చైల్డ్ హెల్ప్‌లైన్ 1098.

బూచాడికి ఫోన్ చేసేది మనమే

చెప్పడానికి ఇబ్బందిగా ఉన్నా చెప్పాలి. పిల్లల్ని భయపెట్టే వీడియోల్లో కొన్నింటికి గిరాకీ మన దగ్గర్నుంచే వస్తోంది. అన్నం తినని పిల్లలకు బూచాడు ఫోన్ చేసినట్టు, పోలీసు ఫోన్ చేసినట్టు నటించే యాప్‌లున్నాయి, వీడియోలున్నాయి. చీకటి గదిలో పిల్లాణ్ణి కూర్చోబెట్టి, ఫోన్లో దెయ్యం ఫిల్టర్ పెట్టి బయటికొచ్చి తలుపు వేసేసి, లోపల వాడు గుండె పగిలేలా ఏడుస్తుంటే రీలు తీసిన తల్లిదండ్రుల్ని లోకమంతా చూసింది. కింద నవ్వుతున్న బొమ్మలు లెక్కలేనన్ని. ‘తినకపోతే గ్రానీకి ఫోన్ చేస్తా’ అని పగలు బెదిరించి, రాత్రి వాడు నిద్రలో ఉలిక్కిపడితే యూట్యూబ్‌ను తిట్టుకోవడంలో అర్థం లేదు.

చట్టం చెయ్యి ఎంత దూరం

సినిమాకి సెన్సార్ ఉంది. 2023 సవరణ తర్వాత ఏడేళ్ళు, 13, 16 ఏళ్ళు దాటినవాళ్ళు అని విడివిడిగా సర్టిఫికెట్లు ఇస్తున్నారు. ఓటీటీలకు 2021 ఐటీ నిబంధనల కింద ఇలాంటి వర్గీకరణే ఉంది. ఎవరుపడితే వాళ్ళు పెట్టుకునే వీడియోలకు మాత్రం అలాంటి ముద్ర లేదు. పిల్లల అలవాట్లను వెంటాడి ప్రకటనలు వేయకూడదని, 18 ఏళ్ళ లోపు వారి సమాచారానికి తల్లిదండ్రుల అనుమతి ఉండాలని 2023 నాటి వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం చెబుతోంది. అది సమాచారం గురించి, పిల్ల కళ్ళ ముందు ఏం పడుతోందన్న దాని గురించి కాదు. బ్రిటన్‌లో 2025 జులై నుంచి పిల్లలకు హానికరమైనవి చూపించకుండా చూసే బాధ్యత కంపెనీల మీద పడింది. ఆస్ట్రేలియా 2025 డిసెంబరు 10 నుంచి 16 ఏళ్ళలోపు వాళ్ళకు సోషల్ మీడియా ఖాతాలు నిషేధించి, ముందు మినహాయిద్దామనుకున్న యూట్యూబ్‌ను కూడా అందులో కలిపింది. మన ప్రభుత్వాలు కంపెనీలను నిలదీయాలి, అందులో సందేహం లేదు. ఈలోపు పిల్లలు పెరగడం ఆపరు కదా.

చేయాల్సింది పది నిమిషాల పని

చిన్నపిల్లలున్న ఇంట్లో యూట్యూబ్ కిడ్స్ వేసి, అందులో పిల్ల పేరుతో ప్రొఫైల్ పెట్టండి. నాలుగేళ్ళ వరకు, అయిదు నుంచి ఎనిమిది, తొమ్మిది నుంచి 12 అని మూడు వయసు వర్గాలున్నాయి. అయితే వాటిలో కనిపించే ప్రతి వీడియోనూ మనిషి కూర్చుని చూసి వదిలింది కాదని మరిచిపోవద్దు. ఏడేళ్ళ లోపు పిల్లలకు నా ఓటు నాలుగో దారికే: మీరు ఏరి ఆమోదించిన వీడియోలు, ఛానెళ్ళు మాత్రమే కనిపించే అమరిక. 2018 నుంచి ఉన్న సదుపాయమిది. మొదటిరోజు కాస్త ఓపిక పట్టి పది ఛానెళ్ళు ఎంచితే, ఇక అక్కడ వెతకడమే ఉండదు, పిల్లకు అనుకోనిది ఎదురుపడదు. ‘పది ఛానెళ్ళు సరిపోతాయా’ అని అనుమానం వద్దు. చూసిన వీడియోనే యాభైసార్లు చూడడం ఆ వయసు పిల్లల స్వభావం.

వేరే వయసు వర్గం పెట్టినా అందులో వెతికే సదుపాయాన్ని మాత్రం ఆపేయండి. తొమ్మిది దాటిన పిల్లలు మామూలు యూట్యూబే కావాలంటారు. అప్పుడు గూగుల్ ఫ్యామిలీ లింక్ ద్వారా పర్యవేక్షణ ఖాతా తెరిచి ఇవ్వండి, మీ ఖాతా మాత్రం ఇవ్వకండి. ఒకే ఫోన్ వాడక తప్పని ఇళ్ళున్నాయి, అవే ఎక్కువ. అలాంటప్పుడు కనీసం రెండు పనులు: ఆటోప్లే ఆపడం, రిస్ట్రిక్టెడ్ మోడ్ పెట్టడం. ఈ మోడ్ ఒక ఫోన్లో పెడితే టీవీకి రాదు. ఏ పరికరానికి ఆ పరికరంలో విడిగా పెట్టుకోవాలి. అది నూరు శాతం పట్టలేదని యూట్యూబే చెబుతుంది. అయినా లేనిదానికంటే నయం.

భయపెట్టే వీడియో కంటపడితే స్క్రీన్‌షాట్ తీసి గ్రూపులో పెట్టకండి. వీడియో పక్కనున్న మూడు చుక్కలు నొక్కి రిపోర్ట్ చేయండి, కిడ్స్ యాప్‌లోనైతే ఆ ఛానెల్‌ను బ్లాక్ చేయండి. చిట్టాలోంచి దాన్ని తీసేయండి, లేదంటే అలాంటివే మళ్ళీ మళ్ళీ వస్తాయి.

వీటన్నిటికంటే ముందు, తెర ఎక్కడుందన్నది చూడండి. పిల్లలు చూసేది హాల్లో, మీ చెవికి వినపడేలా, ఇయర్‌ఫోన్స్ లేకుండా ఉండాలి. దుప్పటి కింద ఫోన్ వద్దు. రెండేళ్ళ లోపు పిల్లలకు తెరే వద్దని, అయిదేళ్ళ లోపువారికి రోజుకు గంట దాటొద్దని, అదీ పెద్దల పక్కనే అని భారతీయ పిల్లల వైద్యుల సంఘం చెబుతోంది. గంటసేపు పక్కన కూర్చునే తీరిక ఎవరికుంది అంటారా? నిజమే. అరగంటే కూర్చోండి. మిగతా అరగంట టీవీ కట్టేయండి.

ఇది చదివాక మీ ఫోన్లో, టీవీలో యూట్యూబ్ వాచ్ హిస్టరీ తెరవండి. గడిచిన వారం రోజుల్లో మీరు చూడనివి, మీకు గుర్తులేనివి అందులో ఎన్నున్నాయో చూడండి. ఒకటో రెండో తెరిచి పూర్తిగా చూడండి. ఆ తర్వాత పిల్లని పిలిచి, కోప్పడకుండా, ‘అమ్మలూ, దీంట్లో నీకు భయం వేసింది ఏదైనా ఉందా?’ అని అడగండి.